గుడి బాయిలర్ పోయేలా ఉంది, లోపల గాలి ఆడటం లేదు: డబ్బు ఎక్కడినుంచి తేవాలి? (మిచిగన్)

కార్తీక్_నోవై
అందరికీ నమస్కారం. డెట్రాయిట్ దగ్గర మా గుడి కమిటీలో భవనం పనులు నేను చూస్తున్నాను. పాత చర్చిని కొని గుడిగా మార్చుకున్న భవనం ఇది. గ్యాస్ బాయిలర్ చివరి దశకు వచ్చింది, ఈ చలికాలంలో పూజ మధ్యలోనే ఆగిపోయిన సందర్భాలున్నాయి. మండపం 5,000 చదరపు అడుగులు. మామూలు రోజున ఇరవై మంది ఉంటారు, ఉగాదికీ ముక్కోటికీ ఆరు వందల మంది.

బాయిలర్ కన్నా నాకు ఎక్కువ దిగులు గాలి గురించి. బయటి గాలి లోపలికి తెచ్చే ఏర్పాటు ఏదీ లేదు. జనవరిలో కిటికీలు తెరవలేం. హోమం చేసిన రోజు పొగ మధ్యాహ్నం దాకా పైకప్పు కింద అలాగే నిలిచి ఉంటుంది. మా అర్చకస్వామికి దగ్గు తగ్గడమే లేదు. భక్తులు గంటసేపు ఉండి వెళ్ళిపోతారు, ఆయన మాత్రం రోజంతా అందులోనే ఉండాలి.

కమిటీలో కొందరు బాయిలర్ ఒక్కటి మార్చేద్దామంటున్నారు, కొందరు భూమిలో బోర్లు వేసి అక్కడి వేడిని వాడుకునే భూగర్భ హీట్ పంపు పెడదామంటున్నారు. 2025లో చట్టం మారాక రాయితీలన్నీ పోయాయని ఒకరన్నారు. నిజమేనా? గుడి లాంటి సంస్థకు ఏం మిగిలింది?

రమణి_లెక్కలు (న్యూజెర్సీ)
కార్తీక్ గారూ, అన్నీ పోలేదు. పోయినవి ఎక్కువగా ఇళ్ళవి. సొంత ఇంట్లో హీట్ పంపు పెట్టుకుంటే 2,000 డాలర్ల దాకా వచ్చిన, ఫెడరల్ పన్ను చట్టంలోని 25సి క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో నేరుగా తగ్గించే మొత్తం), ఇంటి సోలార్‌కు, ఇంటి భూగర్భ హీట్ పంపుకు 30 శాతం ఇచ్చిన 25డి, రెండూ 2025 డిసెంబర్ 31తో ముగిశాయి. మన వాళ్ళందరూ విన్నది ఆ వార్తే.

సంస్థల భవనాలకు వర్తించేది అదే చట్టంలోని సెక్షన్ 48. అందులో భూగర్భ హీట్ పంపు ఇంకా ఉంది. 2033కు ముందు పని మొదలుపెడితే ఖర్చులో 30 శాతం, తర్వాత రెండేళ్ళలో తగ్గుతూ పోతుంది. గంటకు 34 లక్షల బీటీయూ (వేడిని కొలిచే ప్రమాణం) లోపు సామర్థ్యం ఉంటే కూలీ రేట్ల నిబంధనలు కూడా పట్టవు, మీ గుడి ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది. అమెరికాలో తయారైన సామగ్రి నిబంధన తీరితే మరో 10 శాతం, పాత పారిశ్రామిక స్థలం లాంటి గుర్తింపు పొందిన చోట ఉంటే ఇంకో 10 శాతం కలుస్తాయి.

గుడి పన్నే కట్టదు కదా, పన్ను రాయితీ ఏం చేసుకుంటాం అని అడుగుతారు. 2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ దీనికి దారి చూపింది. ఆ మొత్తాన్ని మీరు ఇప్పటికే పన్నుగా కట్టినట్టు లెక్కవేసి ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నగదుగా తిరిగి ఇస్తుంది. దీన్ని ఎలెక్టివ్ పే అంటారు. ఇది రద్దు కాలేదు.

ఒక హెచ్చరిక. పైకప్పు మీద గానీ గోడ పక్కన గానీ పెట్టే, బయటి గాలి నుంచి వేడి తీసుకునే మామూలు హీట్ పంపుకు సెక్షన్ 48 వర్తించదు. భూమి వేడినో భూగర్భ జలం వేడినో వాడుకునేదానికే వస్తుంది. ఇంకోటి, మీ పోస్టులో మీకు ఎక్కువ దిగులుగా ఉన్నది గాలి గురించి. గాలి మార్చే పరికరాలకు ఫెడరల్ క్రెడిట్ విడిగా ఏదీ లేదు.

ఓరుగల్లు_నరేష్ (ట్రాయ్, మిచిగన్)
కార్తీకన్నా, నిరుత్సాహపరుస్తున్న అనుకోకు. ముప్పై శాతం వస్తదని చెప్పి మిగతా డెబ్బై శాతం ఎవ్వలు తెస్తరు? మనకాడ గ్యాస్ సస్తా. బోర్లు వేసుడంటే పార్కింగ్ మొత్తం తవ్వాలె. బాయిలర్ కరాబైతే పొగల పోయే వేడిని గూడ వాడుకునే మంచి కండెన్సింగ్ బాయిలర్ వెట్టుకుంటే అయిపాయె కదా. గుడి పైసలంటే జనం కష్టపడి ఇచ్చిన పైసలు. అప్పు జేసి ఆగమైన గుళ్ళు నేను జూసిన.

శ్రీను_డక్టులు (షికాగో, మెకానికల్ ఇంజినీర్)
నరేష్ గారి భయం న్యాయమైనదే. కానీ బాయిలరా, హీట్ పంపా అని తేల్చే ముందు ఒక లెక్క వెయ్యాలి, దాన్ని ఎవరూ వెయ్యరు.

ప్రార్థనా స్థలాలకు ఆష్రే (అమెరికా హీటింగ్, ఏసీ ఇంజినీర్ల సంఘం) 62.1 ప్రమాణం చెప్పే కనీస బయటి గాలి ఇలా ఉంటుంది: మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగులు, చదరపు అడుగుకు 0.06. మీ మండపానికి ఆరు వందల మందితో లెక్కిస్తే 3,000కు 300 కలిపి 3,300. ఇరవై మంది ఉన్న రోజున 400 చాలు. అంటే ఏకంగా ఎనిమిది రెట్లకు పైగా తేడా.

ఇప్పుడు వేడి లెక్క. బయట 14 డిగ్రీల ఫారెన్‌హీట్, లోపల 70 కావాలి. 3,300 ఘనపుటడుగుల చల్లగాలిని వేడి చెయ్యడానికే గంటకు దాదాపు 2 లక్షల బీటీయూ కావాలి. గోడల నుంచి, కప్పు నుంచి పోయే వేడికి ఇది అదనం. బయటికి పోయే వెచ్చని గాలి నుంచి వేడిని పట్టి లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రం ఈఆర్‌వీ. అది 70 శాతం వేడిని వెనక్కి ఇస్తే ఆ 2 లక్షలు 60 వేలకు దిగుతాయి. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లు పెట్టి, జనాన్ని బట్టి ఫ్యాన్ వేగం మారేలా చేస్తే మామూలు రోజున ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

అందుకే ముందు గాలి సంగతి తేలాలి. ఈఆర్‌వీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి మీరు కొనే బాయిలర్ పరిమాణం మారుతుంది, హీట్ పంపు పరిమాణం మారుతుంది, తవ్వే బోర్ల సంఖ్య కూడా మారుతుంది. బయటి గాలి లెక్క లేకుండా బాయిలర్ ఒక్కటీ మార్చేస్తే వచ్చే ఇరవై ఏళ్ళు ఆ పొగలోనే ఉంటారు.

కార్తీక్_నోవై
శ్రీను గారూ, ఇంత స్పష్టంగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కోట్ ఇచ్చిన ముగ్గురు కాంట్రాక్టర్లలో ఒక్కరు కూడా మండపంలో ఎంతమంది కూర్చుంటారని అడగలేదు. పాత బాయిలర్ మీద రాసి ఉన్న సామర్థ్యం చూసి అదే పరిమాణానికి ధర రాసిచ్చారు.

అన్నపూర్ణ_కాంటన్
నేను మా గుడి వంటశాలలో సేవ చేస్తాను. వంటశాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. అన్నదానం రోజున పెద్ద పొయ్యిల మీద ఎగ్జాస్ట్ వేస్తే ముందు తలుపు తియ్యడానికి బలం చాలదు, అంతలా లోపలికి లాగేస్తుంది. అలాంటప్పుడు గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న గదిలోకి వెళ్తే తల దిమ్మెక్కుతుంది. మీ గుడిలో కూడా అలా ఉంటే దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

శ్రీను_డక్టులు
అన్నపూర్ణ గారూ, మీరు చెప్పినది ప్రాణాల మీదికి వచ్చే విషయం. వంటింటి హుడ్ గాలిని బయటికి తోసేస్తుంటే దానికి బదులు గాలి ఎక్కడినుంచో ఒకచోటి నుంచి రావాలి. ప్రత్యేకమైన దారి లేకపోతే వాటర్ హీటర్ పొగగొట్టం గుండా వెనక్కి వస్తుంది, దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఈ వారమే వాటర్ హీటర్ గదిలో, వంటశాలలో, మండపంలో మోనాక్సైడ్ అలారాలు పెట్టించండి. తల తిరిగితే అందరినీ బయటికి పంపి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చెయ్యండి. ఏ గ్రాంటు కోసమూ ఆగొద్దు.

కార్తీక్ గారూ, మీకు కూడా ఇదే. హోమగుండం మీద విడిగా హుడ్ కట్టి నేరుగా బయటికి పంపాలి, దానికి సరిపడా గాలి లోపలికి రావడానికి దారి ఉంచాలి. వంటింటి నూనె ఆవిరిని గానీ హోమపు నేతి పొగను గానీ ఈఆర్‌వీలోకి పంపకూడదు, లోపలి పొరలు జిడ్డు పట్టి పాడవుతాయి.

ఇంకో సంగతి. కార్బన్ డయాక్సైడ్ మీటరు జనం ఎక్కువయ్యారో లేదో చెబుతుంది, పొగ సంగతి అది చెప్పదు. హోమం రోజున జనం తక్కువైతే మీటరు తక్కువ చూపించవచ్చు, గాలిలో మాత్రం సన్నని పొగ కణాలు నిండి ఉంటాయి. ఆ కణాలను కొలిచే పీఎం 2.5 మీటరు వేరే కావాలి. బయటి గాలికి అమెరికా పర్యావరణ సంస్థ 2024లో పెట్టిన వార్షిక హద్దు ఘనపు మీటరుకు 9 మైక్రోగ్రాములు. పూజల ముందూ తర్వాతా ఒక నెలపాటు కొలిచి కాగితం మీద పెట్టండి. విరాళం అడిగేటప్పుడు ఆ కాగితమే మీకు అండ.

విజయ్_బోస్టన్
పని మొదలయ్యేదాకా మా గుడిలో వాడిన ఉపాయం చెబుతాను. నాలుగు మెర్వ్ 13 (సన్నని కణాలను పట్టే రకం) ఫిల్టర్లను పెట్టెలా నిలబెట్టి, టేపు అంటించి, పైన బాక్స్ ఫ్యాన్ పెట్టాలి. దీన్ని కోర్సీ-రోజెంతాల్ బాక్స్ అంటారు, కోవిడ్ కాలంలో బాగా ప్రచారంలోకి వచ్చింది. హోమగుండానికి కొంచెం దూరంలో, అర్చకులు కూర్చునే వైపు పెట్టండి. పొగ కణాలను బాగా పడుతుంది. బయటి గాలిని తేలేదు కాబట్టి జనం నిండిన రోజున సరిపోదు. నిప్పుకు దూరంగా ఉంచడం మరవొద్దు.

గ్రాంట్ల సంగతి. స్వచ్ఛంద సంస్థల భవనాలకు ఇంధన శాఖ 2023లో 4.5 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఆ డబ్బు నేరుగా గుళ్ళకు రాలేదు, మధ్యలో ఉన్న పెద్ద సంస్థల ద్వారా వెళ్ళింది, ఒక్కో భవనానికి 2 లక్షల డాలర్లకు మించకుండా. అలాంటిది మళ్ళీ వస్తుందని నమ్మి పని ఆపుకోవద్దు. మన గుళ్ళు చాలావరకు తెలుసుకున్న గ్రాంటు సెక్యూరిటీ గ్రాంటు, కెమెరాలకు, గేట్లకు ఇచ్చేది. అది బాయిలర్‌కు పనికిరాదు.

పద్మజ_ఎడిసన్
మీ కరెంటు కంపెనీ, గ్యాస్ కంపెనీ రాయితీలు ముందు చూడండి. గుడి అని చెప్పి అక్కడ ఎవరూ పక్కన పెట్టరు. బిల్లు కట్టే ప్రతి ఒక్కరి దగ్గరా ఆ పథకాల కోసం కొంత వసూలు చేస్తారు, గుడీ అందులో కట్టింది. న్యూజెర్సీలో చిన్న సంస్థలకు డైరెక్ట్ ఇన్‌స్టాల్ అనే పథకం ఉంది. వాళ్ళే వచ్చి భవనం ఇంధన వాడకాన్ని పరిశీలించి, ఖర్చులో పెద్ద భాగం భరించి, మిగతాది బిల్లులో వాయిదాలుగా కట్టుకోనిస్తారు. మిచిగన్‌లో కరెంటు, గ్యాస్ కంపెనీలైన డీటీఈకి, కన్‌స్యూమర్స్ ఎనర్జీకి వ్యాపార భవనాల రాయితీలున్నాయి. ఫ్యాన్ వేగం మార్చే డ్రైవులు, జనాన్ని బట్టి గాలి మార్చే కంట్రోళ్ళు, ఈఆర్‌వీ, వీటిలో ఏవి వాళ్ళ జాబితాలో ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి. ఫెడరల్ క్రెడిట్ రాని గాలి భాగానికి డబ్బు దొరికే చోటు ఇదే.

పరికరం కొనక ముందే అనుమతి తీసుకోవాలి. మాకు తెలిసిన ఒక సంస్థ ముందు కొనేసి తర్వాత దరఖాస్తు పెట్టింది, పైసా రాలేదు.

ప్రసాదరావు (ఒహాయో)
ఇక్కడ గుడి కోశాధికారిగా చాలాకాలం చేశాను. విరాళాల గురించి నా మాట. గోపురానికి అడిగితే ఇస్తారు, వెండి కవచానికి అడిగితే ఇస్తారు. డక్టులకు, అంటే గాలి గొట్టాలకు అడిగితే మొహాలు చూసుకుంటారు. దాతల తప్పు కాదది. మనం వాళ్ళకు సరిగ్గా చెప్పలేదు. 1970లలో పిట్స్‌బర్గ్‌లో, ఫ్లషింగ్‌లో గుళ్ళు కట్టిన తరం ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు దాటింది. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళూ, బాలవిహార్‌కు వచ్చే పిల్లలూ ఒకే గాలి పీలుస్తున్నారు. అర్చకుడి ఆరోగ్యం మన బాధ్యత. ఆయనను మనమే వీసా మీద పిలిపించుకున్నాం, ఆయన నోరు తెరిచి ఫిర్యాదు చెయ్యరు. ఈ మాటలు సభలో నిలబడి చెప్పండి.

మేము చేసింది ఏమిటంటే, పనిని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కకు ఒక్కో కుటుంబాన్ని అడిగాం. హోమశాల హుడ్ ఒకరు, ఈఆర్‌వీ నాలుగు కుటుంబాలు కలిసి. ఫిల్టర్లకు శాశ్వత నిధి పెట్టాం, నిత్యదీపారాధనకు పెట్టినట్టే. పేర్లు హోమశాల గోడ మీద ఉన్నాయి.

ఓరుగల్లు_నరేష్
పెద్దాయన చెప్పింది మనసుకు తాకింది. అర్చకస్వామి సంగతి నేను ఆలోచన జెయ్యలే. గాలి పని ముందు కావాలె, ఒప్పుకుంటున్న. గని అప్పు సంగతి ఇంకా అట్లనే ఉన్నది. రమణి గారూ, ఆ ముప్పై శాతం పైసలు చేతికి ఎప్పుడొస్తయ్? కాంట్రాక్టరు అప్పటిదాంక ఆగుతడా?

రమణి_లెక్కలు
ఆగడు నరేష్ గారూ. అసలైన చిక్కు అదే. క్రెడిట్ పని పూర్తై, యంత్రం వాడకంలోకి వచ్చాకే వస్తుంది. ఉదాహరణకు 2026 అక్టోబర్‌లో వాడకంలోకి వచ్చిందనుకోండి. ఐఆర్ఎస్ వెబ్‌సైట్లో ఆ ప్రాజెక్టును ముందుగా నమోదు చేసి నంబరు తీసుకోవాలి, రిటర్న్ వెయ్యడానికి కనీసం 120 రోజుల ముందే చెయ్యమని వాళ్ళే చెబుతారు. కేలండర్ సంవత్సరం పాటించే గుడికి 2027 మే 17 గడువు (మే 15 శనివారం కాబట్టి), పొడిగింపు తీసుకుంటే నవంబర్ దాకా. ఫారం 990-టి అనే పన్ను రిటర్న్ మీద వెయ్యాలి, దానితో 3800, 3468 ఫారాలు జతచెయ్యాలి. చాలా గుళ్ళు చర్చి హోదాలో ఉండి, మిగతా స్వచ్ఛంద సంస్థలు ఏటా వేసే ఫారం 990 వెయ్యవు. ఎప్పుడూ వెయ్యలేదు కదా అని దీన్నీ వదిలేస్తే డబ్బు పోతుంది. గడువు దాటాక సవరణ రిటర్న్‌తో అడగడం కుదరదు.

కాబట్టి ఖర్చు పెట్టిన రోజుకూ డబ్బు వచ్చిన రోజుకూ మధ్య ఏడాది ఖాళీ ఉండొచ్చు. 4 లక్షల డాలర్ల భూగర్భ పని అనుకుంటే 1 లక్షా 20 వేలు అంతకాలం ఎవరో ఒకరు భరించాలి. దానికి మూడు దారులు: భక్తుల దగ్గర వడ్డీ లేని చేబదులు, బ్యాంకు స్వల్పకాల రుణం, లేదా పేస్ రుణం. మిచిగన్‌లో పేస్ చట్టం 2010 నుంచి ఉంది. అప్పు మనిషి మీద కాకుండా ఆస్తి మీద ఉంటుంది, ఆస్తి పన్ను బిల్లుతో పాటు దీర్ఘకాలం కట్టుకుంటారు. గుడికి ఆస్తి పన్ను లేకపోయినా ఈ ప్రత్యేక మదింపు వెయ్యవచ్చు. భవనం మీద ఇప్పటికే తాకట్టు ఉంటే ఆ బ్యాంకు అంగీకారం కావాలి. వ్యక్తిగతంగా కమిటీ సభ్యుల చేత హామీ సంతకాలు పెట్టించే రుణం జోలికి వెళ్ళొద్దని నా గట్టి సలహా.

ఇంకో రెండు సంగతులు. గ్రాంటూ క్రెడిట్టూ కలిపి మొత్తం ఖర్చును మించితే ఆ మేరకు క్రెడిట్ తగ్గిస్తారు. ఇన్‌వాయిస్‌లో బోర్లు, హీట్ పంపులు ఒకవైపు, ఈఆర్‌వీ, హోమశాల హుడ్ ఇంకోవైపు విడివిడిగా రాయించుకోండి. అన్నీ ఒకే అంకెగా రాస్తే తర్వాత ఆడిట్‌లో విడదీయలేరు.

పన్ను చట్టంలో 179డి అని ఇంకొకటి ఉంది. భవనం ఇంధన వాడకం కనీసం 25 శాతం తగ్గేలా చేస్తే చదరపు అడుగుకు లెక్కగట్టి ఇచ్చే పన్ను మినహాయింపు. గుడికి పన్ను లేదు కాబట్టి ఆ మినహాయింపును డిజైన్ చేసిన ఇంజినీరుకు బదలాయించవచ్చు, బదులుగా ఆయన ఫీజు తగ్గించమని మాట్లాడుకోవచ్చు. కానీ పని 2026 జూన్ 30 లోపు మొదలవ్వాలి. మీకు అంత సమయం లేకపోవచ్చు, దానికోసం తొందరపడి తప్పుడు యంత్రం కొనకండి.

శ్రీను_డక్టులు
నిర్వహణ ఖర్చు మీద నరేష్ గారి ప్రశ్నకు కూడా జవాబు ఇవ్వాలి. గ్యాస్ ఒక థర్మ్ అంటే 29.3 యూనిట్ల కరెంటుతో సమానమైన శక్తి. పాత బాయిలర్ 80 శాతం పని చేస్తే గదికి చేరేది 23.4. భూగర్భ హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడి ఇస్తే అదే వేడికి 6.7 యూనిట్ల కరెంటు చాలు. మీ బిల్లులో థర్మ్ ధర ఒకవైపు, 6.7ను యూనిట్ ధరతో గుణించి ఇంకోవైపు పెట్టండి, కొత్త కండెన్సింగ్ బాయిలర్‌తో పోల్చాలంటే 80 బదులు 92 వేసుకోండి. మిచిగన్ ధరల్లో రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి, హీట్ పంపు అద్భుతంగా ఆదా చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వేసవి చల్లదనం కూడా అదే యంత్రం ఇస్తుంది, పాత ఏసీ ఎలాగూ మార్చాల్సి ఉంటే అప్పుడు లెక్క అటువైపు తూగుతుంది.

పాత భవనం కాబట్టి రెండు దాగిన ఖర్చులు: పైపుల చుట్టూ ఆస్బెస్టాస్ (పీలిస్తే హాని చేసే పాతకాలపు పీచు) ఉందేమో ముందే పరీక్ష చేయించండి, కరెంటు ప్యానెల్ ఎంత లోడ్ తట్టుకుంటుందో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఈ రెండూ మధ్యలో బయటపడితే బడ్జెట్ తలకిందులవుతుంది.

కార్తీక్_నోవై
అందరికీ కృతజ్ఞతలు. కమిటీకి నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది. ఈ వారం మోనాక్సైడ్ అలారాలు, ఫిల్టర్ పెట్టెలు. ఒక నెల కొలతలు. తర్వాత కాంట్రాక్టరుతో సంబంధం లేని ఇంజినీరు చేత లోడ్ లెక్క (ఎంత వేడి, ఎంత గాలి కావాలో), కరెంటు కంపెనీకి ముందస్తు దరఖాస్తు. హోమశాల హుడ్, ఈఆర్‌వీ విరాళాలతో ఈ వేసవిలోనే. భూగర్భ హీట్ పంపు సంగతి ఆ లెక్క వచ్చాక, చేబదులు ఎంత పోగవుతుందో చూసి తేలుస్తాం. అప్పటిదాకా బాయిలర్‌కు మరమ్మతు చేయించి నడుపుతాం.

ఒక అనుమానం మిగిలింది. ఈఆర్‌వీ ముందు పెట్టి హీట్ పంపు తర్వాత పెడితే డక్టుల పని రెండుసార్లు చెయ్యాల్సి వస్తుందా?

శ్రీను_డక్టులు
రాదు, డిజైన్ ఒకేసారి చేయించుకుంటే. ఇంజినీరుకు రెండు దశలూ ముందే చెప్పండి. ఈఆర్‌వీకి సొంత డక్టులు ఉండేలా, హీటింగ్‌తో సంబంధం లేకుండా బయటి గాలిని నేరుగా మండపంలోకి తెచ్చేలా గీయించండి. అప్పుడు బాయిలర్ ఉన్నా, హీట్ పంపు వచ్చినా దాన్ని కదపనక్కర్లేదు. బయటి గాలి తీసుకునే చోటు పార్కింగ్‌కూ, హోమశాల పొగ గొట్టానికీ, వంటింటి ఎగ్జాస్ట్‌కూ దూరంగా ఉండాలి. ఒప్పందంలో ఇంకో వాక్యం తప్పకుండా రాయించండి: పని అయ్యాక గాలి వచ్చే ప్రతి గ్రిల్ దగ్గరా కొలిచి, ఆ అంకెల నివేదిక ఇచ్చేదాకా చివరి పది శాతం చెల్లించం.